అమెరికా చిన్న కాలేజీల్లో ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. లక్షమంది కూర్చునే స్టేడియాల్లో ఆడే అలబామా, ఒహాయో స్టేట్ లాంటి జట్ల సంగతి ఇందులో తక్కువ. శనివారం మధ్యాహ్నం రెండు మూడు వేలమంది ముందు ఆడే జట్ల గురించి, వాటిని నడిపే కోచ్‌ల గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులివి.

చిన్న కాలేజీ అంటే సరిగ్గా ఏ కాలేజీలు?

అమెరికా కాలేజీ క్రీడల్లో పెద్ద సంఘం ఎన్‌సీఏఏ. దాని కింద మూడు డివిజన్లున్నాయి. టీవీలో మనకు కనిపించేది డివిజన్ 1 పైమెట్టు. డివిజన్ 2లో ఒక జట్టు ఇచ్చే సాయమంతా కలిపినా 36 పూర్తి స్కాలర్‌షిప్పుల విలువ దాటకూడదు. కోచ్ ఆ 36నే ముక్కలు చేసి చాలామందికి పంచుతాడు. ఒకరికి సగం ఫీజు, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు, మరొకరికి ఏమీ ఉండదు. డివిజన్ 3లో ఆట పేరు మీద ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఫుట్‌బాల్ జట్లు ఎక్కువున్నది ఈ డివిజన్‌లోనే, 240 దాకా ఉంటాయి. ఎన్ఏఐఏ అనే వేరే సంఘంలో హద్దు 24 స్కాలర్‌షిప్పులు. రెండేళ్ల జూనియర్ కాలేజీలది మరో లోకం.

చిన్నవంటే చదువులో చిన్నవని కాదు. ఎంఐటీ, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్‌కిన్స్ ఫుట్‌బాల్ జట్లు ఆడేది డివిజన్ 3లోనే. మన పిల్లలు ఎంఎస్‌కు పెద్ద సంఖ్యలో వెళ్లే నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్, సెంట్రల్ మిస్సోరి రెండూ డివిజన్ 2లో ఒకే కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులో) ఆడతాయి. నార్త్‌వెస్ట్‌లో రెండేళ్లు చదివి కూడా, తమ కాలేజీ ఆ డివిజన్‌లో ఆరుసార్లు జాతీయ విజేత అని తెలియనివాళ్లు అది ఉన్న మేరీవిల్ ఊళ్లో కనబడతారు.

స్కాలర్‌షిప్పే లేనప్పుడు డివిజన్ 3 కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. చిన్న ప్రైవేటు కాలేజీ బతికేది ఫీజుల మీద. విరాళాలతో కూడబెట్టిన ఎండోమెంట్ నిధి తక్కువ, ప్రభుత్వ సాయం దాదాపు లేదు. ఊరేమో ఏ అయోవాలోనో ఒహాయోలోనో ఉంటుంది, ఆ చుట్టుపక్కల హైస్కూలు పిల్లల సంఖ్య తగ్గుతోంది. మగపిల్లలు చేరడం మరీ కష్టం. ఫుట్‌బాల్ జట్టు పెడితే ఒక్క దెబ్బకు వందమంది కుర్రాళ్లు వస్తారు.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ప్రకటించిన ఫీజు ఏడాదికి 40,000 డాలర్లు అనుకుందాం. ఇలాంటి కాలేజీలు మెరిట్, అవసరం పేరుతో సగానికి పైగా తగ్గిస్తాయి. 55 శాతం తగ్గిస్తే చేతికొచ్చేది 18,000. వందమంది ఆటగాళ్లుంటే 18 లక్షల డాలర్లు, హాస్టలు, భోజనం డబ్బు అదనం. కోచ్‌ల జీతాలు, బస్సులు, హెల్మెట్లు, బీమా అన్నీ పోను మిగులుంటుంది. అందుకే హెడ్ కోచ్‌ను తీసుకునేటప్పుడు ప్రెసిడెంటు అడిగే మొదటి ప్రశ్న తరచూ ‘ఆగస్టులో ఎంతమందిని తెస్తారు?’ అనే ఉంటుంది. ఏడు గెలిచి మూడు ఓడిన కోచ్, జట్టులో 65 మందే ఉన్నారని ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. మూడు గెలిచి ఏడు ఓడినవాడు 130 మందిని తెచ్చి ఇంకో రెండేళ్లు నెట్టుకురావచ్చు. కాగితం మీద ఎక్కడా రాయరు గాని, ఈ ఉద్యోగంలో అసలు స్కోర్‌బోర్డు అడ్మిషన్ల ఆఫీసులో ఉంటుంది.

దీనికో చిక్కుంది. 1972 నాటి టైటిల్ 9 చట్టం ప్రకారం ఆడపిల్లలకూ క్రీడావకాశాలు సమానంగా ఉండాలి. ఫుట్‌బాల్‌కు దీటైన సంఖ్య వచ్చే ఆడపిల్లల ఆట లేదు. అందుకని ఫుట్‌బాల్ పెట్టిన కాలేజీ వెంటనే రెండు మూడు మహిళా జట్లు కూడా పెట్టాల్సి వస్తుంది. ఆ ఖర్చు లెక్కలో వేసుకోని యాజమాన్యాలు తర్వాత ఇబ్బంది పడతాయి.

స్టాఫ్‌లో ఎంతమంది ఉంటారు? ఎవరు ఏం చేస్తారు?

డివిజన్ 3లో పూర్తికాలం జీతం తీసుకునేవాళ్లు మామూలుగా ముగ్గురు నుంచి ఆరుగురు: హెడ్ కోచ్, అఫెన్స్ (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట) కోఆర్డినేటర్, డిఫెన్స్ (ప్రత్యర్థిని ఆపే ఆట) కోఆర్డినేటర్, ఇంకో ఒకరిద్దరు. మిగతాది పార్ట్‌టైమ్ వాళ్లు, ఇంటర్న్‌లు, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు నెట్టుకొస్తారు. పార్ట్‌టైమ్ కోచ్ పొద్దున హైస్కూల్లో లెక్కలు చెప్పి సాయంత్రం నాలుగింటికి మైదానానికి వస్తాడు.

ప్రతి ఒక్కరి నెత్తిమీదా ఆటతో సంబంధం లేని పని ఒకటుంటుంది. ఒకరు బస్సులు, హోటళ్లు, భోజనాలు చూస్తారు. ఒకరు హెల్మెట్లు, ప్యాడ్లు, సీజన్ అయ్యాక వాటిని రీకండిషనింగ్‌కు పంపడం. ఒకరు మార్కుల షీట్లు, స్టడీ హాల్. ఒకరు వీడియో. కుర్రవాడైన ఇంటర్న్‌కు బట్టలుతకడం తప్పదు: వందకు పైగా ప్రాక్టీస్ జెర్సీలు, రోజూ. కొన్ని కాలేజీల్లో కోచ్‌లే ఫిజికల్ ఎడ్యుకేషన్ క్లాసు చెబుతారు, వసంతంలో ట్రాక్ జట్టుకు త్రోస్ (షాట్‌పుట్, డిస్కస్ లాంటివి) కోచ్‌గా ఉంటారు.

ఏడాదంతా పనుంటుందా? సీజన్ మూడు నెలలేగా?

మ్యాచ్‌లుండేది సెప్టెంబరు మొదలు నవంబరు మధ్యదాకా. డివిజన్ 3లో రెగ్యులర్ సీజన్ పది మ్యాచ్‌లు. బాగా గెలిచిన జట్లు ప్లేఆఫ్‌కు (ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీకి) వెళ్తాయి. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 40 జట్లున్నాయి. ఫైనల్ పేరు స్టాగ్ బౌల్, 1973 నుంచి జరుగుతోంది. మిగతా తొమ్మిది నెలలూ రిక్రూటింగే, అంటే కొత్త ఆటగాళ్లను వెతికి తేవడమే. డిసెంబరు, జనవరిల్లో హైస్కూళ్లు తిరగడం, ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడటం. ఫిబ్రవరి, మార్చిలో శనివారాలన్నీ క్యాంపస్ చూడటానికి వచ్చేవాళ్లతో సరిపోతాయి. వసంతంలో కొద్దిరోజుల ప్రాక్టీసు. మే ఒకటి దాకా అడ్మిషన్ డిపాజిట్ల వేట. జూన్‌లో హైస్కూలు పిల్లలకు క్యాంపులు, పూర్వ విద్యార్థులతో గోల్ఫ్ పోటీ పెట్టి విరాళాల సేకరణ. జులైలో ఒక రెండు వారాలు ఊపిరి పీల్చుకోవచ్చు. ఆగస్టు రెండో వారానికల్లా క్యాంపు మొదలు.

సీజన్‌లో ఒక వారం ఎలా గడుస్తుంది?

శనివారం మ్యాచ్. ఆ రాత్రే వీడియో ఎక్కించి, తమ మ్యాచ్ ఫిల్ము వచ్చేవారం ప్రత్యర్థికి పంపి, వాళ్లది తెచ్చుకుంటారు. ఫిల్ము ఇచ్చిపుచ్చుకోవడం కాన్ఫరెన్స్ నియమం, ఎవరూ దాచుకోరు.

ఆదివారం పొద్దున గాయాల లెక్క, తర్వాత ప్రతి ఆటగాడికీ ప్రతి ప్లేకూ (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా సాగే ఒక్కో ఆట ముక్కకూ) మార్కు. మధ్యాహ్నం నుంచి రాబోయే ప్రత్యర్థి. వాళ్లు ఆడిన మూడు నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కో ప్లేకు డౌన్ (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా దాటాల్సిన దూరం, బంతి ఏ హ్యాష్ (మైదానం మధ్యలోని గుర్తుల వరుస) మీద ఉంది, ఫార్మేషన్ (ఆటగాళ్ల అమరిక) ఏమిటి, పరుగా పాసా అన్నవి కంప్యూటర్లో ఎక్కించాలి. మూడో డౌన్, ఏడు గజాల పైన ఉంటే వాళ్లు బ్లిట్జ్ (పాస్ విసిరేవాడి మీదికి అదనపు ఆటగాళ్లను దూకించడం) చేస్తారా, ఎటునుంచి చేస్తారు అన్నది ఇందులోంచే తేలుతుంది. పెద్ద కాలేజీల్లో ఈ పనికి వేరే మనుషులుంటారు. ఇక్కడ కోఆర్డినేటరే కూర్చుని టైపు చేసుకోవాలి.

తర్వాత స్కౌట్ కార్డులు. ప్రాక్టీసులో రెండో జట్టు ప్రత్యర్థిలా ఆడాలంటే వాళ్లకు బొమ్మ చూపించాలి. ఒక్కో కార్డు మీద పదకొండు వృత్తాలు, ఒక్కోదాని నుంచి బాణం. బంతి పట్టేవాడిది ఎర్ర రంగులో. పై మూలలో హ్యాష్, కిందిమూలలో కార్డు నంబరు. వారానికి 120, 150 కార్డులవుతాయి. వానొస్తుందంటే ప్లాస్టిక్ కవర్లలో పెడతారు. ఇంటర్న్ ఒక బాణం తప్పు గీస్తే డిఫెన్స్ వారమంతా లేని ప్లేకు సిద్ధమవుతుంది. శనివారం దాకా ఆ తప్పు ఎవరికీ తెలియదు.

మంగళవారం మొదటి, రెండో డౌన్లు. బుధవారం మూడో డౌన్. గురువారం గోల్‌లైన్ దగ్గరి ఆట, కిక్కులు, పంట్లు (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం). శుక్రవారం ప్యాడ్లు లేకుండా నడుచుకుంటూ ఒకసారి చూసుకోవడం. ప్రాక్టీసు రెండు గంటలు మించితే లాభం లేదు. కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న కుర్రాళ్లు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు, డివిజన్ 3లో ల్యాబ్‌దే పైచేయి.

ఈ ఉద్యోగంలోకి ఎలా చేరతారు?

సాధారణంగా ఆడినవాళ్లే వస్తారు, ఆడనివాళ్లూ ఉన్నారు. మెట్లు ఇవి: చదువుకుంటూ స్టూడెంట్ అసిస్టెంట్, తర్వాత ఇంటర్న్, రెండేళ్లు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉంటూ ఉచితంగా మాస్టర్స్, పొజిషన్ కోచ్ (ఒక స్థానంలో ఆడేవాళ్లకు నేర్పేవాడు), కోఆర్డినేటర్, హెడ్ కోచ్. మొదటి పదేళ్లలో నాలుగైదు ఊళ్లు మారడం మామూలే.

ఏటా జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం మహాసభ జరుగుతుంది. వేలమంది కోచ్‌లు ఒకే హోటల్ లాబీలో చేరతారు, సగంమంది ఉద్యోగం వెతుకుతూనే ఉంటారు. బయోడేటా పంచిపెట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎవరైనా మిమ్మల్ని ముందే ఎరిగి ఉండాలి. అందుకు తేలికైన దారి: వేసవిలో నాలుగైదు కాలేజీల క్యాంపుల్లో పనిచేయడం. చెప్పిన టైముకు వచ్చి, కోన్లు సర్ది, పిల్లలకు అర్థమయ్యేలా ఒక డ్రిల్లు నేర్పినవాడు ఏ కోచ్‌కైనా గుర్తుంటాడు.

ఇంటర్వ్యూలో బోర్డు దగ్గరికి పిలిచి ‘మీ ఇన్‌సైడ్ జోన్ రన్ (బంతితో మధ్యలోంచి పరిగెత్తే ఒక ప్లే) నాకు నేర్పండి’ అంటారు. అందరి బ్లాకింగూ (ఎవరు ఎవరిని అడ్డుకోవాలన్నది) చెప్పనక్కర్లేదు. ప్రత్యర్థి ఫ్రంట్ (ముందు వరుస అమరిక) మారితే సెంటర్ (మధ్యలో నిలిచి బంతి అందించేవాడు) ఏం అనాలి, ఎవరికి చెప్పాలి అన్నది చెప్పగలిగితే చాలు. రెండో ప్రశ్న రిక్రూటింగ్: ఏ ఏరియాలో ఏ హైస్కూలు కోచ్‌లు మీకు తెలుసు?

జీతం ఎంత?

ఇంటర్న్‌కు ఏడాదికి కొన్ని వేల డాలర్లు, గది, క్యాంటీన్ భోజనం. పూర్తికాల అసిస్టెంటుకు చాలాచోట్ల 35,000 నుంచి 50,000 మధ్య. హెడ్ కోచ్‌కు అంతకంటే ఎక్కువే, కాని ఆ ఊళ్లో కుర్ర సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతాన్ని దాటకపోవచ్చు. ఒప్పందం ఏడాదికోసారి. హెడ్ కోచ్ వెళ్లిపోతే అసిస్టెంట్లకు ఏ హామీ ఉండదు. నవంబరులో మ్యాచ్ అయిపోయిన మర్నాడే కబురొస్తుంది.

ఓవర్‌టైమ్ రాదా అని అడుగుతారు. అమెరికా కార్మిక చట్టంలో ఉపాధ్యాయులకు ఓవర్‌టైమ్ వర్తించదు. ఆటగాళ్లకు ఆట నేర్పడమే ముఖ్యమైన పనిగా ఉన్న కోచ్ ఉపాధ్యాయుడి కిందికే వస్తాడని కార్మిక శాఖ చెబుతుంది. రిక్రూటింగే ముఖ్యమైన పని అయితే మాత్రం ఆ మినహాయింపు లేదు. ‘రిక్రూటింగ్ కోఆర్డినేటర్’ అన్న పేరుతో చేరేవాళ్లు ఒప్పందంలో పనుల జాబితాను ఒకటికి రెండుసార్లు చదువుకోవడం మంచిది.

ఒక కాలేజీలో కోచ్‌లకు సగటున ఎంతిస్తారో, జట్టులో ఎంతమందో ఫెడరల్ విద్యాశాఖ నడిపే ఈఏడీఏ సైటులో కాలేజీ పేరు కొడితే ఉచితంగా వస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు చూడనివాళ్లే ఎక్కువ.

డబ్బివ్వలేని కోచ్ ఆటగాణ్ని ఎలా ఒప్పిస్తాడు?

ముందు సంఖ్యలు. ఒక కోచ్‌కు ఒక ఏరియా అప్పగిస్తారు. నమూనాగా చెప్పాలంటే: 600 పేర్లతో మొదలవుతుంది, వీడియో, మార్కులు చూశాక 200 మిగులుతాయి, క్యాంపస్‌కు వచ్చేవాళ్లు 40 మంది, డిపాజిట్ కట్టేవాళ్లు 15, ఆగస్టులో పెట్టె సర్దుకుని దిగేవాళ్లు 12. ఈ గరాటులో ఎక్కువగా కారేది క్యాంపస్ సందర్శన దగ్గరే. వచ్చినవాళ్లలో మూడో వంతు చేరతారు, రానివాళ్లలో దాదాపు ఎవరూ చేరరు. అందుకే ఫోన్లో ఆట గురించి గంట మాట్లాడేకన్నా, వచ్చే శనివారం తల్లితో సహా రప్పించడం మీద దృష్టి పెట్టాలి.

డివిజన్ 3 కుర్రాడి మీద సంతకపు కట్టు ఏదీ లేదు. ఫోటో కోసం సంతకం చేసే ఫారం ఒకటుంది గాని అది వేడుకకే. జూన్‌లో డివిజన్ 2 కాలేజీ 4,000 డాలర్లు ఇస్తానంటే వెళ్లిపోతాడు. కోచ్ చేయగలిగింది ఏమిటంటే, ఆర్థిక సాయం కాగితాలు తొందరగా పూర్తి చేయించి, చేతినుంచి కట్టాల్సిన అసలు ఖర్చు ఎంతో తల్లిదండ్రులకు ఫిబ్రవరిలోనే తెలిసేలా చూడటం. డివిజన్ 2 ఇచ్చే 4,000 పోను కట్టాల్సింది తరచూ డివిజన్ 3 కాలేజీ మెరిట్ సాయం పోను కట్టాల్సిన దానికంటే ఎక్కువే ఉంటుంది. ఆ రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టగలిగితే సగం పని అయినట్టే.

ఒక గీత మాత్రం దాటకూడదు. ‘నేను ఆఫీసులో మాట్లాడి నీకింకో రెండువేలు ఇప్పిస్తాను’ అని కోచ్ అనకూడదు. ఆటగాళ్లకిచ్చిన సాయాన్ని మిగతా విద్యార్థుల సాయంతో పోల్చి ఎన్‌సీఏఏ ఏటా లెక్క చూస్తుంది. తేడా కనబడితే కాలేజీ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

నిలబెట్టుకోవడంలో. కొత్త కోచ్ మొదటి ఏడాది 70 మందిని తెచ్చి ప్రెసిడెంటు మెప్పు పొందుతాడు. వచ్చినవాళ్లలో 30 మంది మైదానం ముఖం చూడకుండానే క్రిస్మస్‌కు ఇంటికెళ్లి తిరిగి రారు. ఎందుకంటే ఒకే పొజిషన్‌కు పదిమంది క్వార్టర్‌బ్యాక్‌లకూ (పాస్‌లు విసిరి ఆట నడిపేవాళ్లు) ‘నువ్వు పోటీలో ఉంటావు’ అని చెప్పాడు.

120 మంది జట్టు నిలవాలంటే ఏటా ఎంతమంది కావాలో వేసి చూడండి. మొదటి ఏడాది తర్వాత 80 శాతం, రెండో ఏడాది తర్వాత 80, మూడో ఏడాది తర్వాత 85 శాతం మిగిలితే: 40, 32, 26, 22. మొత్తం 120. మొదటి ఏడాది నిలిచేది 60 శాతమే అయితే ఏటా 49 మందిని తేవాలి. తొమ్మిదిమంది ఎక్కువ అంటే, పై నమూనా ప్రకారం, ఇంకో 450 పేర్లు. అంటే ముప్పావు కోచ్ చేసే పని. అదీకాక మొదటి ఏడాది, రెండో ఏడాది పిల్లలే నిండిన జట్టు నవంబరులో ఓడుతుంది. ఇరవై ఒకటేళ్ల లైన్‌మన్‌ను (ముందు వరుసలో నిలిచి తోసే ఆటగాణ్ని) పద్దెనిమిదేళ్లవాడు ఆపలేడు.

మందు పెద్దదేమీ కాదు. ఆడే అవకాశం లేనివాళ్లకు సోమవారం జేవీ (రెండో జట్టు) మ్యాచ్‌లు పెట్టాలి. అయిదో వారం మార్కులు కోచ్ చేతికి రావాలి. తెచ్చిన కోచ్ ఆ కుర్రాడితో నెలకోసారైనా ఆట మాటెత్తకుండా కూర్చుని తినాలి.

ప్రాక్టీసులో ట్యాక్లింగ్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) లేకుండా గెలవొచ్చా?

గెలవొచ్చు. జాన్ గాగ్లియార్డి మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్‌లో 1953 నుంచి 2012 దాకా హెడ్ కోచ్. అంతకుముందు మోంటానాలోని కారల్ కాలేజీలో చేసినవి కలిపి 489 విజయాలు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ. నాలుగు జాతీయ టైటిళ్లు. ఆయన ప్రాక్టీసులో ట్యాక్లింగ్ లేదు, విజిల్ లేదు, బ్లాకింగ్ స్లెడ్డు (తోసి సాధన చేసే బరువైన చట్రం) లేదు. ఆటగాళ్లు కోచ్ అనకుండా జాన్ అని పేరుపెట్టి పిలిచేవారు. గురువును పేరుపెట్టి పిలవడం మనకు మింగుడుపడదు గాని, అమెరికా ఫుట్‌బాల్‌లోనూ అప్పట్లో అది వింతే. ఈ పద్ధతిలో ఆదా అయ్యేది ఆరోగ్యం. నవంబరులో ప్రత్యర్థి ముగ్గురు లైన్‌మన్లు లేకుండా వస్తే మీవాళ్లు అయిదుగురూ నిలబడి ఉంటారు. డార్ట్‌మత్‌లో బడ్డీ టీవెన్స్ 2010 నుంచి ప్రాక్టీసులో ట్యాక్లింగ్ ఆపేసి, తర్వాత రిమోట్‌తో పరిగెత్తే బొమ్మను ట్యాకిల్ చేయించాడు.

అలాగని రేపే అన్నీ ఆపేస్తే కుదరదు. ట్యాకిల్ చేసేటప్పుడు తల ఎక్కడుండాలి, ఏ కాలు ముందు పడాలి అన్నది బ్యాగుల మీద, చాపల మీద రోజూ చేయించాలి. అది లేకుండా కాంటాక్ట్ తీసేసిన జట్లు సెప్టెంబరులో వరుసగా ట్యాకిళ్లు వదిలేస్తాయి.

ఆగస్టు ఎండల్లో కోచ్ దేనికి భయపడాలి?

ఎండదెబ్బకు. మొదటి రోజులు హెల్మెట్లతోనే, తర్వాత భుజం ప్యాడ్లతో, ఆపైనే పూర్తి ప్యాడ్లతో ఆడించాలని నియమం. పడిపోయేది ఎక్కువగా బరువైన లైన్‌మన్, అదీ మొదటి మూడు నాలుగు రోజుల్లో, అదీ ప్రాక్టీసు చివర పరుగులప్పుడు. శిక్షగా పరుగులు పెట్టించడం అందుకే ప్రమాదం. కుర్రాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే, ఒంటి లోపలి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే ముందు ఐసు నీళ్ల తొట్టిలో మెడదాకా ముంచాలి, వేడి 102కు దిగాకే అంబులెన్స్ ఎక్కించాలి. ఆస్పత్రికి ముందు పరుగెత్తిస్తే ఆ అరగంటే ప్రాణం తీస్తుంది. తొట్టి ప్రాక్టీసు మొదలుకాకముందే నింపి మైదానం పక్కన ఉండాలి.

తలకు దెబ్బ తగిలితే మళ్లీ ఎప్పుడు ఆడాలన్నది కోచ్ చేతిలో ఉండదు. అథ్లెటిక్ ట్రైనర్, డాక్టరు చెప్పిందే వేదం.

చిన్న కాలేజీ నుంచి పైకి వెళ్లగలరా?

వెళ్లినవాళ్లున్నారు. లాన్స్ లైపోల్డ్ డివిజన్ 3 జట్టు విస్కాన్సిన్ వైట్‌వాటర్‌లో 2007 నుంచి 2014 దాకా 109 గెలిచి 6 ఓడాడు, ఆరు టైటిళ్లు కొట్టి డివిజన్ 1లోని బఫలోకు, అక్కడినుంచి కాన్సస్‌కు వెళ్లాడు. కేలన్ డీబోర్ ఎన్ఏఐఏలోని సూ ఫాల్స్‌లో 67-3, మూడు టైటిళ్లు, 2024లో అలబామా. ప్రొఫెషనల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన నిక్ సిరియాని డివిజన్ 3 కాలేజీ మౌంట్ యూనియన్‌లో ఆడి, అక్కడే కోచింగ్ మొదలుపెట్టాడు. కర్ట్ సిగ్నెటిది ఎదురు దారి. అలబామాలో అసిస్టెంటుగా ఉన్నవాడు 2011లో పెన్సిల్వేనియాలోని డివిజన్ 2 జట్టు ఐయూపీకి హెడ్ కోచ్‌గా దిగాడు. అక్కడినుంచి ఈలాన్, జేమ్స్ మాడిసన్, 2024లో ఇండియానా. తొలి ఏడే 11 గెలిచి ప్లేఆఫ్‌కు చేర్చాడు.

కాని ఈ పేర్లు చూసి లెక్క వేసుకోకండి. మౌంట్ యూనియన్‌లో లారీ కెరెస్ 27 సీజన్లలో 332 గెలిచి, 24 ఓడి, 3 డ్రా చేసి, 11 టైటిళ్లు కొట్టాడు. రిటైరయ్యేదాకా ఒహాయోలోని ఆ అలయన్స్ ఊళ్లోనే హెడ్ కోచ్‌గా ఉన్నాడు. చాలామంది ఉండాలనుకునేదీ అక్కడే. ఇల్లు కొనుక్కోవచ్చు, పిల్లల బడి మార్చనక్కర్లేదు.

మొదటి ఏడాదే అన్నీ ఓడిపోతే?

నార్త్‌వెస్ట్ మిస్సోరిలో మెల్ చర్డ్స్‌మా మొదటి సీజన్ 1994లో. పదకొండు ఆడి పదకొండూ ఓడాడు. 1998లో పదిహేనుకు పదిహేను గెలిచి టైటిల్ కొట్టాడు. మరుసటి ఏడు, 1999లో, కార్సన్ న్యూమన్‌తో ఫైనల్ నాలుగు ఓవర్‌టైమ్‌లకు వెళ్లి 58-52తో ముగిసింది. 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగు ఫైనళ్లు ఓడి 2009లో మళ్లీ గెలిచాడు. ఇందులో కాలేజీ ఓపిక పాత్ర కోచ్ ప్రతిభకంటే తక్కువేం కాదు. చేరేముందే పాత కోచ్‌కు ఎన్నేళ్లిచ్చారో, అంతకుముందు వాడికి ఎన్నేళ్లిచ్చారో అడగండి.

కాలేజీ మూతపడితే?

నిజమైన భయమే. అయోవా వెస్లియన్, ఫిన్లాండియా 2023లో, బర్మింగ్‌హామ్ సదర్న్ 2024లో మూతపడ్డాయి. మూడింటికీ ఫుట్‌బాల్ ఉండేది. ఇప్పుడు ఊరూరా ఆడే ఎయిర్ రెయిడ్ పాసింగ్ ఆట పుట్టింది ఆ అయోవా వెస్లియన్‌లోనే. 1989 నుంచి 1991 దాకా హాల్ మమ్మీ హెడ్ కోచ్, మైక్ లీచ్ ఆయన అసిస్టెంటు. ఆట చరిత్రలో ఎంత పేరున్నా అప్పు తీరదు.

చేరేముందు చూడాల్సినవి: ప్రైవేటు కాలేజీలు ఏటా పన్నుశాఖకు ఇచ్చే ఫారం 990 బహిరంగమే, మూడేళ్లవి వరసగా పెట్టుకుని లోటు పెరుగుతోందా చూడండి. మొత్తం విద్యార్థుల్లో ఆటగాళ్లెంతమంది? సగం దాటితే కాలేజీ ఆటల మీదే నిలబడి ఉందని అర్థం. విద్యాశాఖ అదనపు నిఘా పెట్టిన కాలేజీల జాబితాలో పేరుందా? అక్రెడిటేషన్ సంస్థ హెచ్చరించిందా? ఈ నాలుగూ ఒక సాయంత్రం పని.

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి కోచింగ్ చేయొచ్చా?

క్యాంపస్ మీద వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. వీడియో తీయడం, డేటా ఎక్కించడం, ఎక్విప్‌మెంట్ గది లాంటివి ఇందులో ఇమిడిపోతాయి. డేటా తెలిసిన కుర్రాళ్లకు చిన్న కాలేజీల్లో మంచి ఆదరణ. నాలుగో డౌన్‌లో వెళ్లాలా వద్దా అన్న పట్టిక తయారుచేసిస్తే కోచ్ వదలడు. చిక్కల్లా గ్రాడ్యుయేట్ అసిస్టెంటు పోస్టుతో. కాగితం మీద 20 గంటలే, సీజన్‌లో అసలు పని అంతకు రెట్టింపు దాటుతుంది. ‘మిగతాది స్వచ్ఛందం’ అని సర్దిచెప్పుకోవడం వీసాకు ముప్పు. ఓపీటీలో (చదువు మీద ఇచ్చే తాత్కాలిక పని అనుమతిలో) ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి కాబట్టి కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్‌లో రెండో వరుస ఆటగాళ్ల) కోచ్‌గా చేరలేరు. ఏ పనైనా ముందు మీ కాలేజీ డీఎస్ఓతో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారితో) మాట్లాడాకే.

ఆడపిల్లలకు ఈ రంగంలో చోటుందా?

ఉంది, పెరుగుతోంది. ఎన్ఏఐఏలో మహిళల ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ట్యాకిల్ బదులు నడుముకు కట్టిన గుడ్డపీలిక లాగే ఆట) 2021లో మొదలైంది, 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లోనూ ఆ ఆట ఉంది. కొత్త జట్లకు కోచ్‌లు కావాలి.

మా అబ్బాయి అమెరికాలో హైస్కూల్లో ఆడుతున్నాడు. చిన్న కాలేజీ కోచ్‌ను ఎలా పలకరించాలి?

ఉత్తరం అబ్బాయే రాయాలి, మీరు కాదు. నాన్నగారు రాసిన ఈమెయిల్ కోచ్‌కు వెంటనే తెలిసిపోతుంది. అందులో పేరు, హైస్కూలు, చదువు ముగిసే ఏడాది, పొజిషన్, ఎత్తు, బరువు, జీపీఏ, హైస్కూలు కోచ్ ఫోన్ నంబరు, హడిల్ (ఆటగాళ్లు తమ వీడియోలు పెట్టే సైటు) వీడియో లింకు ఉంటే చాలు. ఎత్తు రెండంగుళాలు పెంచి రాయకండి, క్యాంపస్‌కు వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే బయటపడుతుంది.

వీడియో మూడు నుంచి అయిదు నిమిషాలు. పాటలు, పేరు ఎగిరే గ్రాఫిక్కులు వద్దు. ప్రతి ప్లే మొదలవకముందే అబ్బాయి ఎవరో బాణంతోనో వృత్తంతోనో చూపించాలి. బాగా ఆడినవి మొదటి అయిదు క్లిప్పుల్లోనే పెట్టాలి, చాలామంది కోచ్‌లు అక్కడే ఆపేస్తారు. లైన్‌మన్ అయితే విజిల్ ఊదేదాకా బ్లాక్ వదలకుండా ఆడిన క్లిప్పులు ఎంచండి. వారం పదిరోజుల్లో జవాబు రాకపోతే ఇంకోసారి రాయించండి, కొత్త మ్యాచ్ వీడియో ఒకటి జతచేసి.